రంగం నుంచి నడిచొచ్చిన నేస్తాలు

పోయిన నెల మా రంగం అత్త కాలం చేసింది. ఎనభై మూడేళ్ళు. పెద్దగా మంచం పట్టలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. పదో రోజున వచ్చినవాళ్ళలో చిన్నవాళ్ళు కొందరు నన్ను అడిగారు, "ఆవిడ మీకు ఎలా అత్త అవుతారు? మీ నాన్నగారి చెల్లెలా?" అని. చెల్లెలు కాదు. పినతండ్రి కూతురు కాదు, మేనత్త కూతురూ కాదు. కులం కూడా వేరు. ఏం చెప్పాలో తోచక "మా మామ్మ పాలు తాగి పెరిగింది" అన్నాను. వాళ్ళు తలూపారు గానీ అర్థమైనట్టు లేదు. చెప్పగలిగిన మనుషుల్లో ఇక మిగిలింది నేనే కాబట్టి రాస్తున్నాను.

రంగం అంటే రంగూన్. మా వైపు పాతవాళ్ళెవరూ రంగూన్ అనేవారు కాదు. "రంగం పోయాడు", "రంగం నుంచి డబ్బు పంపాడు", "రంగంలోనే ఉండిపోయాడు" - ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లో అడిగినా ఇలాంటి మాట ఒకటి ఉంటుంది. కరువు వచ్చినా, అప్పు పెరిగినా, అన్నదమ్ములతో పడకపోయినా భీమిలిలోనో విశాఖలోనో కాకినాడలోనో ఓడెక్కేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షా లాగడంలో మనవాళ్ళే ఎక్కువ. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైనే. ఎక్కువమంది మగవాళ్ళు ఒంటరిగా వెళ్ళేవారు. భార్యను వెంట తీసుకెళ్ళిన కొద్దిమందిలో మా తాత ఒకడు. అప్పటికే పుట్టిన మా నాన్నను భీమిలి దగ్గర ఊళ్ళో ముసలమ్మకి వదిలి వెళ్ళారు. అక్కడ పుట్టినవాడు ఇంకొకడు ఉన్నాడు. వాడి సంగతి తర్వాత చెప్తాను.

*

నా చిన్నప్పుడు మా ఇల్లు కంచరపాలెంలో. నాన్నకి పోర్టులో ఉద్యోగం. పెంకుటిల్లు, రెండు వాటాలు. ఒక వాటాలో మేం, రెండో వాటాలో నేస్తం, ఆవిడ కూతురు రంగం అత్త. మధ్యగోడకి తలుపు ఉండేది కానీ అది వేసి ఉండగా నేను చూడలేదు.

మా వైపు ఆడవాళ్ళు నేస్తం కట్టుకుంటారు. పెద్దల ఎదుట చీరలు మార్చుకుని, పసుపు కుంకుమ పెట్టుకుని, తాంబూలాలు ఇచ్చి పుచ్చుకుంటారు. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. "నేస్తం" అనే పిలుపు. ఒకరింట్లో చావైతే రెండో ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఒకరి పిల్లకి పెళ్ళైతే రెండోవాళ్ళు పెట్టవలసినవి పెట్టి తీరాలి. మామ్మ ఆవిడని నేస్తం అంటుంటే విని మేమూ అలాగే పిలిచేవాళ్ళం. వీధిలో అందరూ అంతే. ఆవిడ అసలు పేరు రేషన్ కార్డులో చూసి నేను ఆశ్చర్యపోయిన రోజు నాకింకా గుర్తుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ వెనక వసారాలో తిరగలి ముందు ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. పిడి ఒక్కటే. మామ్మ చెయ్యి కింద, నేస్తం చెయ్యి దాని పైన. ఎడం చేత్తో ఎవరో ఒకరు గుప్పెడు చోళ్ళు తీసి నడిమి కంతలో పోసేవారు. గింజ పడగానే రాయి చప్పుడు మెత్తబడేది. గింజ తగ్గేకొద్దీ గరుకుగా అయ్యేది, అప్పుడు మళ్ళీ గుప్పెడు. చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. పిండి అంచు చుట్టూ సన్నగా రాలి కింద పరిచిన పాత చీర మీద గుండ్రంగా పేరుకునేది. మోచేతుల దాకా పిండి. ఆ పచ్చి చోడిపిండి వాసన, వాళ్ళ చెమట, పక్కన నీళ్ళపొయ్యి పొగ. నేను గోడకి ఆనుకుని కూర్చుని వినేదాన్ని.

వాళ్ళు నడిచొచ్చిన కథని నేను ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా వినలేదు. ముక్కలు ముక్కలుగా, ఏదో మాటలో మాటగా వచ్చేది. వాగు మాట వస్తే ఒక ముక్క, అగ్గిపెట్టె తడిస్తే ఒక ముక్క. నాకు చాలా పెద్దయ్యాక తట్టిన సంగతి ఒకటుంది. మామ్మ ఎప్పుడు చెప్పినా నేస్తం చేసిందే చెప్పేది. నేస్తం ఎప్పుడు చెప్పినా మామ్మ చేసిందే. దారిలో తను ఏం చేసిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు, ఒక్కసారి తప్ప. అందుకని మా మామ్మ ఎలాంటి మనిషో నాకు తెలిసిందంతా నేస్తం నోటి నుంచే.

*

రంగంలో ఉన్నన్నాళ్ళూ వీళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇది చెప్పేటప్పుడు ఇద్దరూ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

పజున్‌డాంగ్ వాగు ఒడ్డున బియ్యం మిల్లులు. వాటి వెనక చెక్క గదుల వరసలు. వరస మొత్తానికి ఒకటే కుళాయి. మామ్మది భీమిలి వైపు, నేస్తంది టెక్కలి వైపు. ఒకరోజు నేస్తం వచ్చి మామ్మ బిందె పక్కకి జరిపి తన బిందె పెట్టిందట. అంతే, అక్కడ మొదలైన తగువు ఏడాది నడిచింది. ఎదురుగా ఎండుచేపలు అమ్ముకునే బర్మా ఆవిడ ఉండేది. చెంపలకి తనకా గంధం పూసుకుని, నోట్లో చుట్టతో గుమ్మంలో కూర్చునేదట. వీళ్ళు ఆవిడని "అమా" అనేవారు, అంటే అక్క. తగువు ముదిరినప్పుడల్లా ఆ అమా వచ్చి ఇద్దరి బిందెలూ తనే నింపి చెరో వైపు పెట్టి వెళ్ళిపోయేదట, ఒక్క మాట మాట్లాడకుండా.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు వచ్చాయి. అంతకుముందు బాంబు అంటే ఏమిటో చూసినవాళ్ళు లేరు. ఊరంతా వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూస్తూ నిలబడ్డారట. అలా నిలబడినవాళ్ళ మధ్యే బాంబులు పడ్డాయి. రేవు మీద పడ్డాయి. క్రిస్మస్ రోజున మళ్ళీ వచ్చాయి. ఆ రెండు దాడుల్లో రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో రేవులో మూటలు మోసే మన తెలుగు కూలీలు ఎంతమందో!

నేస్తం భర్త రేవులోనే పని. మామ్మ చెప్పేది, "మూడు రోజులు తిరిగింది, మూడు రోజులు! గోదాములన్నీ తగలబడుతున్నాయి, అయినా లోపలికి పోయి చూసింది. కాలిపోయిన వాళ్ళ కాళ్ళు చూస్తూ తిరిగింది, కాలికి దెబ్బ మచ్చ ఉండేది ఆయనకి." అప్పటికి మా అత్త రెండు నెలల పసిగుడ్డు. "మరి చంటిపిల్లని ఎవరికిచ్చి వెళ్ళింది మామ్మా?" అంటే మామ్మ చోళ్ళు పోయడం మొదలుపెట్టేది. జవాబు నేస్తం దగ్గర ఉండేది. "ఇంకెవరికి? మీ మామ్మకే. కుళాయి కాడ నన్ను తిట్టిన నోటితోనే, 'ఇలా తే పిల్లని, నువ్వెళ్ళు' అంది. మూడేళ్ళ పిల్లాడు ఇంకా పాలు మానలేదు దానికి. వాణ్ణి పక్కకి తోసి దీనికి ఇచ్చింది."

విమానం చప్పుడు వినబడితే మామ్మ చివరిదాకా పైకి చూసేది కాదు. మేం పరిగెత్తుకుంటూ వాకిట్లోకి వెళ్ళబోతే జబ్బ పట్టుకుని లోపలికి లాగేది. నొప్పి పుట్టేలా పట్టుకునేది. మిగతా విషయాల్లో చేయి చేసుకునే మనిషి కాదు.

*

ఓడలో డెక్కు మీద చోటు దొరకడం మా బోటివాళ్ళకి గగనమైపోయింది. డబ్బున్నవాళ్ళు, దొరలు ముందు వెళ్ళిపోయారు. తాతని మిల్లు నుంచి వదల్లేదు. ఆయన యుద్ధం అయ్యాక ఎప్పుడో, ఊపిరితిత్తులు పాడై వచ్చాడు. నేను పుట్టేనాటికే లేడు.

ఫిబ్రవరిలో రంగూన్ ఖాళీ చేయమన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మూడేళ్ళ పిల్లాడు, ఒక చంటిది. మామ్మ ట్రంకుపెట్టె అమా ఇంట్లో పెట్టింది. అమా వీళ్ళకి బెల్లం, ఎండురొయ్యలు మూట కట్టి ఇచ్చింది. రైల్లో మాండలే, అక్కడ శిబిరంలో కొన్నాళ్ళు, తర్వాత మొన్యువా, అక్కణ్ణుంచి చిండ్విన్ నది మీద పడవలో కలేవా. కలేవా దాటాక కబావ్ లోయ, తమూ, కొండలు, పలేల్, ఇంఫాల్, దిమాపూర్. ఈ ఊళ్ళ పేర్లు మామ్మ వరసగా చెప్పేది. మ్యాపు చూడడం వచ్చాక నేను వేలు పెట్టి చూసుకున్నాను. ఒక్క పేరు కూడా వరస తప్పలేదు.

మార్చి 8న జపాను వాళ్ళు రంగూన్‌లోకి వచ్చేశారు. ఆ ఏడాది ఉగాది దారిలో ఎక్కడ అయిపోయిందో కూడా వీళ్ళకి తెలియదు.

పడవవాడు బంగారమో వెండో ఇస్తే తప్ప ఎక్కించుకోనన్నాడు. ఇక్కడ మామ్మ చెప్పే ముక్క వస్తుంది. నేస్తం కాళ్ళకి వెండి కడియాలు ఉండేవి. చిన్నప్పుడు తొడిగినవి, మడమ పెరిగిపోయాక ఇక ఊడి రావు. ఒడ్డున కూర్చుని, బురద పూసుకుని, ఒక్కొక్కటే తిప్పుతూ లాగిందట. చర్మం ఊడి వచ్చిందట. "నోట్లో కొంగు కుక్కుకుంది గానీ అరవలేదు" అనేది మామ్మ. నేస్తం చీలమండల చుట్టూ గాజు వెడల్పున నల్లటి మచ్చ చివరిదాకా ఉండేది. కాళ్ళు చాపుకుని తిరగలి విసురుతుంటే అవి నా కళ్ళకి ఎదురుగా ఉండేవి.

నేస్తం చెప్పే ముక్క నీళ్ళ గురించి. దారంతా కలరా. వాగు దగ్గర వంగి నీళ్ళు తాగినవాడు సాయంత్రానికి లేడు. మా మామ్మ పుట్టింటి ఊళ్ళో చిన్నప్పుడు కలరా వచ్చి సగం వీధి పోయిందట, అప్పుడు ఎవరో చెప్పిన మాట ఆవిడకి గుర్తుండిపోయింది. ఇత్తడి చెంబులో నీళ్ళు కాచి చల్లారిస్తే తప్ప ఎవరినీ గుక్క పట్టనిచ్చేది కాదు. "దాహంతో నాలిక పిడచగట్టుకుపోయేది. నేను వాగు వైపు పోతుంటే జుట్టు పట్టుకుని ఈడ్చింది మీ మామ్మ. అందరూ చూస్తున్నారు. పుల్లలు ఏరి, ఊది ఊది, చెంబుడు నీళ్ళు కాచి, ఇదిగో తాగు, తాగి చచ్చేదేదో ఇంటికెళ్ళి చావు అంది." ఇది చెప్పేటప్పుడు నేస్తం గొంతు పెద్దదయ్యేది. ఊదురుగొట్టం లేక నోటితో ఊదడం, తడి పుల్లల పొగ, చెంబు అడుగు నల్లబడడం, అన్నీ చేత్తో చూపించేది.

ఆ చెంబు మా ఇంట్లో ఉండేది. దాని మూతి ఒక పక్కన బాగా నలిగి లోపలికి వంగి ఉండేది. కంచరివాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా మామ్మ దాన్ని సరిచేయించాలని తీసేది. నేస్తం ఒప్పుకునేది కాదు. "ఉండనీ నేస్తం, నీళ్ళు కారడం లేదు కదా" అని లాక్కుని లోపల పెట్టేసేది. అంత చిన్న విషయానికి అంత పట్టుదల ఎందుకో అనుకునేదాన్ని.

కబావ్ లోయలో మామ్మకి మలేరియా జ్వరం పట్టుకుంది. ఆ లోయ మలేరియాకి పేరు మోసింది. కలేవా దాటిన నాలుగైదు రోజుల నుంచి పలేల్ దాకా మామ్మకి సరిగా గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే. నేస్తం తన కొంగు తీసి మామ్మ కొంగుకి ముడేసింది. చంటిది వీపున, మూట నెత్తిన, వెనక ముడేసిన కొంగు పట్టుకుని మామ్మ. "ముడి బిగుసుకుంటే ఆగిందని, వదులైతే నేను పడబోతున్నానని తెలిసేదట దానికి. వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది" అనేది.

తమూ దగ్గర దారి రెండుగా చీలింది. దొరలకి, దొరల పోలికవాళ్ళకి ఒక దారి, మిగతా వాళ్ళకి వేరే దారి. తెల్ల దారి, నల్ల దారి అని అప్పట్లో పేర్లు కూడా ఉండేవి. తెల్ల దారి మీద శిబిరాలు, తిండి కాస్త మెరుగు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒకే చావు నుంచి పారిపోతున్న మనుషుల్ని, దారి మధ్యలో నిలబెట్టి, ఒళ్ళు రంగు చూసి విడదీశారు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మామ్మ, నేస్తం మాత్రం ఆ సంగతి కోపంగా చెప్పలేదు. "మనల్ని ఇటు పొమ్మన్నారు" అని మాత్రం అనేవారు.

ఆ ఏడాది బర్మా నుంచి ఇలా వచ్చినవాళ్ళు దాదాపు అయిదు లక్షలు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ తేల్చలేదు. పది వేలని కొందరు, యాభై వేలని కొందరు, ఇంకా ఎక్కువని మరికొందరు రాశారు. వెళ్ళేటప్పుడు ఓడెక్కించడానికి మేస్త్రీలు పద్దులు రాసుకున్నారు, తిరిగొచ్చేటప్పుడు రాసుకునేవాళ్ళు లేకపోయారు.

ఇంఫాల్ నుంచి దిమాపూర్ దాకా దారిలో అస్సాం టీ తోటల వాళ్ళు శిబిరాలు నడిపారు. వేడి టీ ఇచ్చారు. మామ్మ జీవితంలో మొదటిసారి టీ తాగింది అక్కడే. ఆ తర్వాత ఎంత బీదరికంలోనైనా మా ఇంటికి వచ్చినవాళ్ళకి టీ ఇవ్వకుండా పంపేది కాదు, కరెంటు బిల్లు తెచ్చినవాడికైనా సరే.

*

వీళ్ళు అడవిలో నడుస్తుండగా ఇక్కడ ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. చనిపోయింది కొద్దిమందే కానీ ఊళ్ళకి ఊళ్ళు బెదిరిపోయాయి. నాన్నకి అప్పుడు పదేళ్ళు. విశాఖ జనం ఎడ్లబళ్ళ మీద మంచాలు, బిందెలు, మేకలు వేసుకుని భీమిలి దారిలో పారిపోతుంటే చూశాడు. చింతచెట్టు కింద ఒక బండి ఇరుసు విరిగి, పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నడిరోడ్డు మీద కూర్చుని ఏడుస్తుంటే ముసలమ్మ మజ్జిగ ఇప్పించిందట.

మే నెలలో మామ్మ, నేస్తం వాల్తేరు స్టేషన్లో దిగారు. కలకత్తాలో ఎవరో సేవ చేసేవాళ్ళు ఇచ్చిన ముతక చీరలు ఒంటి మీద, చంటిది చంకలో. స్టేషన్ బయట ఊరు సగం ఖాళీ. వాళ్ళు బాంబుల నుంచి తప్పించుకుని ఎంత దూరం నడిచారో, ఇక్కడి జనం కూడా అవే బాంబులకి భయపడి ఇళ్ళకి తాళాలేసి పోయారు. జట్కా దొరక్క భీమిలికి మళ్ళీ నడిచారు. నాన్న తన తల్లిని గుర్తు పట్టలేదు.

నేస్తం అత్తవారింటికి టెక్కలి వైపు వెళ్ళింది. మొగుణ్ణి పోగొట్టుకుని ఆడపిల్లతో వచ్చిందని వాళ్ళు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడారు. మామ్మ తోడు వెళ్ళింది కాబట్టి అక్కడే విని, అక్కడే తిరుగు బండి ఎక్కించింది. ఆ సంక్రాంతికే నేస్తం కట్టుకున్నారు. విధవరాలితో ఇదేం నేస్తరికం అని ఊళ్ళో అన్నవాళ్ళున్నారు. మామ్మ డప్పులు పెట్టించింది.

*

1971 యుద్ధం నాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. విశాఖలో రాత్రిళ్ళు బ్లాక్ అవుట్. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు, కార్ల హెడ్ లైట్లకి సగం నల్ల రంగు. మాకది కొంచెం భయం, కొంచెం సరదా. డిసెంబరు 3 రాత్రి, అర్ధరాత్రి దాటాక, సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినబడింది. కిటికీ రెక్కలు అదిరాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందే మునిగిపోయిందని తర్వాత తెలిసింది.

నేను లేచి వెళ్ళేసరికి చీకట్లో మామ్మ, నేస్తం మధ్య తలుపు దగ్గర కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్య ఒక మూట. వేయించిన చోడిపిండి, బెల్లం, ఉప్పు, నూనెగుడ్డలో చుట్టిన అగ్గిపెట్టెలు రెండు, సూది దారం, కత్తిపీట కాకుండా చిన్న చాకు, ఆ ఇత్తడి చెంబు. రవికె అంచులో నోట్లు పెట్టి నేస్తం చీకట్లోనే కుట్టేస్తోంది. అమ్మ, నాన్న టెన్షన్ పడుతూ రేడియో దగ్గర ఉంటే, వీళ్ళిద్దరూ మెల్లగా వాదించుకుంటున్నారు, చింతపండు పెట్టాలా వద్దా అని. "బరువు" అంది నేస్తం. "నోరు ఎండిపోతే చప్పరించడానికి" అంది మామ్మ. చింతపండు పెట్టారు. యుద్ధం రెండు వారాల్లో అయిపోయింది కానీ ఆ మూట విప్పడానికి వాళ్ళకి చాలా నెలలు పట్టింది. అటక మీద చేతికి అందేచోటే ఉండేది.

*

మా వైపు సంక్రాంతి పెద్దల పండగ. పోయినవాళ్ళకి కొత్తబట్టలు పెట్టి, దీపం పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి పెడతాం. తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. మా ఇంట్లో తాతకి పంచె, ముసలమ్మకి చీర, నేస్తం భర్తకి తువ్వాలు. వాటి పక్కన ప్రతి ఏడాదీ ఒక చిన్న లాగు, చిన్న చొక్కా.

ఆ గుడ్డ కొనేది నేస్తం. పూర్ణా మార్కెట్ దగ్గర, ఎప్పుడూ చిన్న గళ్ళదే. కుట్టేవాడు కొలత అడిగేవాడు కాదు, మూడేళ్ళ పిల్లాడికని తెలుసు. మా తమ్ముడు ఆ వయసులో ఉన్నప్పుడు వాడు తొడుక్కున్నాడు. వాడు పెరిగిపోయాక పక్కింటి పిల్లాడు, వాడి తర్వాత ఇంకొకడు. చొక్కా మాత్రం పెరగలేదు. "పెద్దలకి ఇంత చిన్న చొక్కా ఏమిటి మామ్మా?" అని ఒకసారి అడిగాను. నా చేతిలో అరిసె పెట్టింది. నేను మళ్ళీ అడగలేదు. నాకు అప్పటికే తెలుసు కాబట్టి అడగలేదు.

ఎలా తెలుసంటే, అది అంతకు కొన్నేళ్ళ ముందు సంగతి. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. బర్మాలో నే విన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు అన్నీ లాక్కుంది. 1964లో పెద్ద నోట్లు చెల్లవంది. అక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ళు కూడా ఓడలెక్కి రావలసి వచ్చింది. నగలు తీయించి, డబ్బు ఉంచుకుని, ఒట్టి చేతులతో పంపారు. విశాఖలో దిగినవాళ్ళకి మా కంచరపాలెం వైపే శిబిరం వేశారు. ఇప్పుడక్కడ బర్మా క్యాంప్ అని పేట ఉంది, సాయంత్రం పూట వెళ్తే నూడుల్సు, వేయించిన వెల్లుల్లి వాసన వీధి మొదట్లోనే తగులుతుంది.

అప్పుడు మాత్రం డేరాలు, బురద. మామ్మ, నేస్తం రోజూ చోడంబలి కాచి, ఉల్లిపాయ, ఎండుచేప పెట్టుకుని, కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళేవారు. నేను మూతలు మోసేదాన్ని. కనబడిన ప్రతి ఆడమనిషినీ ఒకటే అడిగేవారు. పజున్‌డాంగ్ మిల్లుల వెనక ఎండుచేపలు అమ్మే అమా, పొట్టిగా ఉంటుంది, ఎడం కంట్లో పువ్వు, ఎరుగుదువా? ఎవరూ ఎరగరు. ఆ మిల్లులు యుద్ధంలోనే కాలిపోయాయని ఒక ముసలాయన చెప్పాడు. అయినా అడగడం మానలేదు.

ఒకరోజు అక్కడి నుంచి ఒకామెను ఇంటికి తీసుకొచ్చారు. పాతికేళ్ళుంటాయేమో. ఇద్దరు పిల్లలు. ఓడలో వస్తుండగా చంటిపిల్ల పోయిందట. సముద్రంలో విడిచిపెట్టారు. వసారాలో తిరగలి పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆమె ముద్ద కలిపి అలాగే పట్టుకుని కూర్చుంది. "ఎక్కడుందో చెప్పుకోడానికి కూడా లేదమ్మా. మట్టిలో పెట్టినా అదిగో అక్కడ అనుకుందును" అంది.

మామ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మామూలు గొంతుతోనే అంది, "నేను మట్టిలోనే పెట్టాను తల్లీ. నా పిల్లాడు. తమూ ఇంకా రాలేదు. పెద్ద చెట్టు ఒకటుంది, దాని మొదట్లో."

నేస్తం చోళ్ళు చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"చెట్టు కాదు నేస్తం. చెట్టు నువ్వు తర్వాత చూశావు. నీకు ఒళ్ళు తెలీలేదప్పుడు. వాగు దాటకముందు, దారికి ఎడం చేతి పక్కన, ఇసక కలిసిన నేల. మెత్తగా ఉందనే అక్కడ పెట్టాను. లోతుగా పెట్టాను, నక్కలు తియ్యకుండా. నేనే కదా తవ్వింది, మన చెంబుతో."